ఆగగలిగినవీ, ఆగలేనివీ

పంజాగుట్టలో రక్తపరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో కూర్చున్నాను. ఏమీ తినకుండా రమ్మన్నారు. ఖాళీ కడుపుకి ముక్కు చురుగ్గా పనిచేస్తుంది. కౌంటరు వెనక గోడకి బిగించిన ఇనుప పెట్టె తలుపు సగం తెరిచి ఉంది. లోపల ఆకుపచ్చ దీపాలు కుదురు లేకుండా మిణుకుమంటున్నాయి. చిన్న ఫ్యాన్ల సన్నటి హోరు వినిపిస్తోంది. వేడెక్కిన ప్లాస్టిక్ మీద దుమ్ము వాసన నన్ను పట్టుకుని కూర్చోబెట్టేసింది. మోచేతి మీద దూది నొక్కుకుంటూ అటే చూస్తుంటే కౌంటరులోని అమ్మాయి అడిగింది, "రిపోర్టు అర్జెంటా అంకుల్, మామూలేనా?" నేను జవాబు చెప్పాను. ఏం చెప్పానో తర్వాత చెప్తాను. ముందు ఆ వాసన సంగతి చెప్పాలి. అది నస్రీన్ గారి వాసన. అంటే ఆవిడ ఒంటి వాసన కాదు, ఆవిడ పనిచేసిన గది వాసన.

అమీర్‌పేటలో, మైత్రీవనానికి నాలుగడుగుల దూరంలో, ఐదో అంతస్తులో ఉన్న ఒక కోచింగ్ సెంటర్‌కి నెట్‌వర్క్ మొత్తం నేనూ నస్రీన్ గారూ కలిసి నిర్మించాం. ఈ వాక్యం నేను చాలామందికి చెప్పాను. పెళ్లిళ్లలో చెప్పాను, పార్కులో చెప్పాను, మా వియ్యంకుడికి రెండుసార్లు చెప్పాను. నిజమేమిటంటే ఆవిడ నిచ్చెన మీద నిలబడి తీగలు బిగిస్తుంటే నేను కింద నిలబడి టార్చి పట్టుకున్నాను. అందులోనూ ఒకసారి వెలుతురు ఆవిడ కళ్లల్లోకి కొట్టాను. నేను ఆ సెంటర్‌లో ఇంగ్లీషు మాట్లాడటం, ఇంటర్వ్యూకి తయారవటం నేర్పే మాస్టారిని. తణుకు నుంచి వచ్చి ఈ ఊళ్లో నలభై ఏళ్లుగా ఉన్నా, నా ఇంగ్లీషులో ఇప్పటికీ గోదావరి యాస ఉందని పిల్లలు నవ్వుకుంటారు. నస్రీన్ గారు అక్కడ నెట్‌వర్క్ చూసేవారు. మాసబ్ ట్యాంక్ వైపు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. భుజాన సంచిలో ఒక టార్చి, ఒక పెన్ను, అంటించే చీటీల చుట్ట ఒకటి ఉండేవి. ప్రతి తీగకీ ఆవిడ చేతిరాతతో ఒక చీటీ. ఇంత వయసొచ్చాక నాకు చదువు చెప్పింది ఆవిడే.

అప్పట్లో మా క్లాసులు రెండు రకాలుగా సాగేవి. సగం మంది ఎదురుగా బెంచీల మీద, సగం మంది ఎక్కడెక్కడి ఊళ్లనుంచో తెర మీద. బెంచీల వాళ్లకి నా మాట బాగానే వినిపించేది, తెర మీది వాళ్లకి ముక్కలు ముక్కలుగా చేరేది. నేను "ప్రెజెంట్ పర్ఫెక్ట్" అంటే వాళ్లకి మొదటి అక్షరమూ చివరి అక్షరమూ చేరేవి, మధ్యది దారిలో రాలిపోయేది. మా వరండా చివర ఒక చిన్న గది కూడా ఉండేది. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో ఇంటర్నెట్ మీద నమ్మకం లేని పిల్లలు వచ్చి, అక్కడ కూర్చుని కంపెనీలకి వీడియోలో ఇంటర్వ్యూలు ఇచ్చేవారు. ఆ గదిలోనూ మాట తెగడం మొదలైంది. డైరెక్టర్ గారు అందరినీ పిలిచి, ముఖ్యమైన వాటికి ముందు దారి ఇవ్వమని నస్రీన్ గారికి ఆర్డరు వేశారు. ముఖ్యమైనవి ఏవి అని ఆవిడ అడిగితే, ముందు తన ఈమెయిళ్ల పేరే చెప్పారు.

ఆ సాయంత్రమే టార్చి పట్టుకునే భాగ్యం కలిగింది. గదిలో బీరువా అంత ఇనుప చట్రం, దానిలో పొడుగాటి పెట్టె, పెట్టె ముఖాన వరుసగా చిన్న సాకెట్లు. అదే స్విచ్. ఇంత చిన్న పెట్టె అంత పెద్ద తగువు ఎలా తీరుస్తుందని నాకు వింతగా అనిపించి అడిగాను. "స్విచ్ అంటే పెద్ద ఏనుగేం గాదు మాస్టర్ సాబ్," అన్నారావిడ నిచ్చెన మీంచే. "ఒక దిక్కు నుంచి వచ్చిందాన్ని ఇంకో దిక్కు పంపుతది. రాస్తా ఖాళీగ ఉన్నప్పుడు దానికి అందరూ ఒకటే. జామ్ అయినప్పుడే ఎవరు ముందనే సవాల్." తర్వాత నెమ్మదిగా విప్పి చెప్పారు. మనం పంపే మాటైనా బొమ్మైనా చిన్న చిన్న ముక్కలై పోతుంది. ప్రతి ముక్క నుదుట ఒక అంకె ఉంటుంది. స్విచ్ ఆ అంకె చూసి ముక్కని ఒక వరుసలో నిలబెడుతుంది. మాట్లాడే గొంతులు మొదటి వరుస, అవి ఉన్నంతసేపూ వాటినే ముందు వదులుతుంది. మిగతా వరుసలకి వంతులు, ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ. పెద్ద పెద్ద ఫైళ్లు దించుకునేవి చివరి వరుస. మొదటి వరుసకి కూడా ఒక హద్దు పెట్టాలట. లేకపోతే అదే దారంతా తినేసి వెనక వాళ్లని ఎండబెడుతుంది. హద్దు దాటి వచ్చిన ముక్కల్ని పారేయడమే.

"మరి ఆ అంకె ఎవరు రాస్తారు?" అని అడిగాను. ఆవిడ పని ఆపి నా వైపు తిరిగి నవ్వారు. పంపినవాళ్లే రాసుకుంటారట. అలాగైతే ప్రతివాడూ తనదే మొదటి అంకె అని రాసుకోడా అన్నాను. ఇది నాకు తట్టిన గొప్ప ప్రశ్న అని ఇప్పటికీ నా నమ్మకం. "రాసుకుంటడు," అన్నారు. "గందుకే గడప కాడనే నేను కొట్టేసి మళ్ల రాస్త. నేను నా చేతితోని పెట్టిన సాకెట్లనే నమ్ముత. ఫోన్లవి, ఇంటర్వ్యూ గదిది. వాట్ల ఏదొచ్చినా మొదటి వరుసనే. అంతే."

నాకు మా లిఫ్టు గుర్తొచ్చింది. ఆ బిల్డింగుకి ఒక్కటే లిఫ్టు, దాన్ని నడిపేవాడు యాదగిరి. కింద ఎప్పుడూ ముప్పై మంది ఉండేవారు, అందరిదీ అర్జెంటే. యాదగిరి ఎవరి మాటా వినడు, చేతిలో ఏముందో చూస్తాడు. చాయ్ ట్రే ఉన్నవాడిని ముందు ఎక్కిస్తాడు. ఒకసారి డైరెక్టర్ గారే కోప్పడితే వాడు ఎంతో మర్యాదగా అన్నాడు, "గా చాయ్ చల్లగైతది సార్. మీరు చల్లగైతరా?" నేనేం చేసేవాడినో కూడా చెప్పేస్తాను. ఖాళీ ఫ్లాస్కు ఒకటి చేత్తో పట్టుకుని వెళ్లేవాడిని. యాదగిరి ఫ్లాస్కు చూసి నన్ను ముందు ఎక్కించేవాడు. ఏడాది పాటు ఆ ఫ్లాస్కులో చుక్క చాయ్ లేదు. లిఫ్టు పోలిక చెప్తే నస్రీన్ గారికి చాలా నచ్చింది. ఫ్లాస్కు సంగతి మాత్రం అప్పుడు చెప్పలేదు.

మర్నాడు ఆవిడ అందరికీ ఒక్కొక్క చీటీ ఇచ్చారు. దాని మీద ఒకే ప్రశ్న: మీరు పంపేది అర సెకను ఆలస్యంగా చేరితే ఏమవుతుంది? డైరెక్టర్ గారు సంస్థ పరువు పోతుందని రాశారు. ఫీజుల కౌంటరు వాళ్లు అన్నీ ఆగిపోతాయని రాశారు. నేను చీటీ రెండు వైపులా నింపి, పక్కన బాణం గీసి ఇంకో కాగితం జతచేశాను. తెలుగు యువత భవిష్యత్తు అన్న మాట అందులో రెండుసార్లు వచ్చింది. ఆవిడ ఓపిగ్గా చదివి తిరిగి నా చేతికిచ్చారు. "ముఖ్యమా అని నేను అడగలె మాస్టర్ సాబ్. లేటైతే ఏమైతది అని అడిగిన. రెండూ వేరు." ఎంత ముఖ్యమైన ఉత్తరమైనా రెండు సెకన్లు ఆగితే ఉత్తరమే. మాటలో ఒక ముక్క రెండు సెకన్లు ఆగి వస్తే అది ఇక మాట కాదు, చప్పుడు. ఇది నాకు అరవై ఏళ్లు దాటాక తెలిసింది. అంతకుముందు ముఖ్యమైనవాడే ముందుండాలని అనుకునేవాడిని. నేనెప్పుడూ ముఖ్యమైనవాడినే అని కూడా అనుకునేవాడిని.

ఆవిడ చీటీల్ని నమ్మలేదు. ఒక్కో గదిలో గంట కూర్చుని చూశారు. నా క్లాసులోనూ చివరి బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. తర్వాత తీర్పు వచ్చింది. ఫోన్లూ ఇంటర్వ్యూ గదీ మొదటి వరుస, నా గొంతు రెండో వరుస, డైరెక్టర్ గారి ఈమెయిళ్లు మూడో వరుస, తెర మీద కనిపించే నా బొమ్మ దాని వెనక. మర్నాటి నుంచి నా మాట తెర మీది పిల్లలకి స్పష్టంగా చేరింది. కానీ అప్పుడప్పుడూ నా బొమ్మ నోరు తెరిచినచోట తెరిచినట్టే ఆగిపోయేది. దాన్ని పిల్లలు ఫొటో తీసి పంచుకున్నారు. నాకు గొప్ప అవమానంగా తోచింది. నా చేతుల కదలికలోనే సగం పాఠం ఉందని అందరితో అనేవాడిని.

టార్చి పట్టుకున్నవాడికి ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలిసిపోతుంది. నా క్లాసు గది గోడకి ఒక ఫోను ఉండేది, ఎవరూ వాడేవారు కాదు. దాని సాకెట్ మీద ఆవిడ చేతిరాతతో 'గొంతు' అని చీటీ. ఒక సోమవారం ఆ ఫోను తీగ పీకి నా ల్యాప్‌టాప్ తగిలించాను. గడప దగ్గర ఎవరూ ఆపలేదు. నా బొమ్మ నదిలా సాగింది. స్వర విన్యాసం మార్చానని, అందుకే క్లాసు అంత జీవంతో ఉందని చాయ్ దగ్గర అందరికీ చెప్పాను. దారి బాగుంది కదా అని, పాత క్లాసుల వీడియోలన్నీ అదే తీగ మీద ఇంటర్నెట్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. అవి కూడా గొంతుల వరుసలోనే నిలబడ్డాయి, ఖాళీ ఫ్లాస్కు పట్టుకున్నవాడిలా.

గురువారం పదకొండింటికి స్రవంతికి ఇంటర్వ్యూ ఉంది. స్రవంతిది జగిత్యాల. మూడేళ్లుగా ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుకుతోంది. ఇదే చివరి ప్రయత్నమని, కాకపోతే వచ్చేస్తానని ఇంట్లో మాటిచ్చింది. నా దగ్గరే తయారైంది, నా మొత్తం జీవితంలో అంత శ్రద్ధగా విన్న శిష్యురాలు లేదు. పదకొండున్నరకి నేను క్లాసు మధ్యలో వరండాలోకి వస్తే, ఆ పిల్ల నీళ్ల సీసా మూత పెట్టబోతోంది, మూత పట్టడం లేదు. ఏమైందమ్మా అన్నాను. "నేను చెప్పింది వాళ్లకి తెగితెగి వినబడ్డది సార్. మూడుసార్లు సారీ, మళ్ల చెప్పమన్నరు. నాలుగోసారి థాంక్యూ అన్నరు. నేనే మంచిగ చెప్పలేదేమో." నాకు ఆ క్షణాన అనుమానం వచ్చింది. అనుమానం కాదు, తెలిసింది. కానీ గొంతు సవరించుకుని, అది ఆ కంపెనీ వాళ్ల వైపు సమస్య అని, ఇలాంటివి ఎన్నో చూశానని చెప్పాను. క్లాసులోకి వెళ్లి ల్యాప్‌టాప్ తీగ పీకి, ఫోను తీగ మళ్లీ తగిలించాను.

సంగతి తెలిసి డైరెక్టర్ గారు నస్రీన్ గారిని అందరి ముందూ కేకలేశారు. బయటి కంపెనీకి పని అప్పగిస్తానన్నారు. ఆవిడ నేరుగా ఆ ఉద్యోగమిచ్చే వాళ్లకి ఫోన్ చేసి, లోపం మా వైపుదని చెప్పి, ఇంకొక అవకాశం అడిగారు. శనివారం పదకొండింటికి ఇస్తామన్నారు, మళ్లీ తెగితే ఇక అడగొద్దన్నారు. తెగదని నస్రీన్ గారే తన పేరుతో రాసి పంపాలట. ఆవిడ ఆ ఉత్తరం రాసి పెట్టుకున్నారు, కానీ పంపలేదు. కారణం దొరకందే పంపనన్నారు.

కారణం వెతకడానికి టార్చి పట్టుకున్నది ఎవరనుకున్నారు? నేనే. శుక్రవారం పొద్దున రెండు గంటలపాటు నా నేరాన్ని ఆవిడ వెతుకుతుంటే నేను వెలుతురు చూపించాను. స్విచ్ తన లెక్కలు తాను రాసుకుంటుందట. ఆవిడ వాటిని చదివి చెప్పారు: గురువారం మొదటి వరుస హద్దు దాటింది, దాటిన ముక్కల్ని స్విచ్ పారేసింది, పారేసిన వాటిలో స్రవంతి మాటలూ ఉన్నాయి. "నిండేటన్ని ఫోన్లు మనకాడ లెవ్వు. ఎవరో దొంగ అంకె తోని జొరబడిన్రు. ఈ పొద్దు చూస్తే అంత ప్రశాంతం." నేను హమ్మయ్య, పోయింది కదా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "తనంతట తాను పోయిన రోగం తనంతట తానే వస్తది మాస్టర్ సాబ్. ఏమైందో తెల్వకుంట ఆ పిల్లకు భరోసా ఎట్ల ఇయ్యాలె? ఉత్తరం పంపను. అబద్ధం సంతకం పెట్టి పిల్లను రెండోసారి కూసోబెట్టలేను." స్రవంతిని పిలిచి, శనివారం కుదరదని నిజం చెప్పేస్తానని లేచారు.

అప్పుడు నేను ఒప్పుకున్నాను. ఎలాగంటే, ముందు గొప్పగా ఒప్పుకున్నాను. మీ ఏర్పాటు ఎంత గట్టిదో పరీక్షించాలని ఒక చిన్న ప్రయోగం చేశానని మొదలుపెట్టాను. ఆవిడ చేతిలో చీటీల చుట్టని బల్ల మీద పెట్టి చూస్తూ నిలబడ్డారు. ఆ చూపు కింద నా ప్రయోగం రెండు వాక్యాలకంటే సాగలేదు. "నేనేనండీ," అన్నాను. "ఫోను పీకి నా ల్యాప్‌టాప్ పెట్టాను. నా బొమ్మ ఆగిపోతోందని."

ఆవిడ స్విచ్ లెక్కలు మళ్లీ ఒకసారి మొదటినుంచీ చదువుకున్నారు. తిడితే బాగుండు అనిపించింది. ఆఖరికి, "మీ గల్తీ సగమే," అన్నారు. "సాకెట్‌ని నమ్మిన. దాంట్ల ఏమొస్తున్నదో చూడలె. చేతుల ఏమున్నదో యాదగిరి చూస్తడు, నేను చూడలె." చేతిలో ఉన్నది చూసినంత మాత్రాన చాలదని అప్పుడు ఖాళీ ఫ్లాస్కు సంగతి కూడా చెప్పేశాను. అది విని ఆవిడ నవ్వాపుకోలేక కుర్చీలో కూర్చుండిపోయారు. ఆ మధ్యాహ్నమంతా స్విచ్‌కి కొత్త పాఠం చెప్పారు. సాకెట్ ఏదైనా సరే, వచ్చేది నిజంగా గొంతు ముక్కేనా, గొంతుకి పట్టేంత కొలతలోనే వస్తోందా చూడాలి. కాదంటే అంకె కొట్టేసి చివరి వరుసకి తోసేయాలి. ఇంటర్వ్యూ గదికి వేరే వరుస, దాని హద్దులోకి ఇంకెవరూ రాకూడదు. నా చేత మళ్లీ ల్యాప్‌టాప్ ఆ సాకెట్‌కే పెట్టించి, వీడియోలు ఎక్కించమని, తాను పక్క గదిలో కూర్చుని మాట్లాడి చూశారు. నా బొమ్మ నోరు తెరుచుకుని ఆగిపోయింది. ఆవిడ గొంతు తెగలేదు. అప్పుడు ఉత్తరం పంపారు.

స్రవంతికి నేనే చెప్పాలని షరతు పెట్టారు. చెప్పాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "మస్తు చేసిన్రు సార్," అంది. ఒక్క నిమిషం తర్వాత, ఇంకెవరితోనో అన్నట్టు, "అయితే నేను మంచిగనే చెప్పినన్నట్టు," అంది. అంతవరకూ ఆ పిల్ల తప్పు తనదే అనుకుంటోందని, నేను దాచిన ప్రతి గంటా ఆ నమ్మకాన్ని గట్టిచేస్తోందని నాకు అప్పుడు అర్థమైంది. ఆలస్యమైతే ఏమవుతుందో ఆ చీటీ మీద రాయాల్సిన జవాబు అదే.

శనివారం నలభై నిమిషాలు ఆ గదిలో మాట తెగలేదు. నేను ఆ రోజు బొమ్మ లేకుండా గొంతుతోనే క్లాసు చెప్పాను. ఎవరూ నా చేతుల గురించి అడగలేదు. స్రవంతికి ఆ ఉద్యోగం వచ్చిందని, నాకు స్వీట్లు తెచ్చిందని నేను చాలాచోట్ల చెప్పాను. రాలేదు. సోమవారం వచ్చి ఆ సంగతి చెప్తూ మాత్రం నవ్వింది. "ఈసారి నన్ను విని వద్దన్నరు సార్." ఇంటికి పోలేదు. ఇంకో రెండు నెలలు అడిగి తీసుకుంది, ఆ రెండు నెలల్లోనే అదే గదిలోంచి ఇంకో ఉద్యోగం తెచ్చుకుంది. స్వీట్లు నస్రీన్ గారికి తెచ్చింది. ఒకటి నాకు పెట్టారు.

డైరెక్టర్ గారికి నస్రీన్ గారు తన వైపే ఒక లోపం ఉండిందని, సరిచేశానని చెప్పారు. నా పేరు రాలేదు. ఆ మర్నాడే వెళ్లి నిజం చెప్పేశానని రాస్తే ఈ కథ అందంగా ముగుస్తుంది. చెప్పలేదు. ఆవిడ ఇంకో ఏడాది అక్కడ పనిచేశారు, ఆ మాట ఎత్తిపొడుపుగా రెండుమూడుసార్లు పడ్డారు, నేను పక్కనే ఉండి నా చాయ్ వైపు చూసుకున్నాను. నేను ఎవరి ముందూ విప్పని ముడి అదొక్కటే, ఇప్పుడు ఇక్కడ విప్పుతున్నాను. మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక ఆఫీసులో పని దొరికి వెళ్లిపోతూ, నా గది గుమ్మంలో ఆగి అన్నారు, "టార్చి మీరు మంచిగ పట్టుకుంటరు మాస్టర్ సాబ్." నాకు వచ్చిన సర్టిఫికెట్లలో నేను ఒక్క అక్షరం కూడా పెంచి చెప్పనిది ఇదే. అప్పటి చీటీ ఇప్పటికీ నా పర్సులో ఉంది. రెండు వైపులా నా రాతని ఒకే గీతతో కొట్టేసి, కింద 'ఏమీ కాదు' అని ఆ శనివారం నేనే రాసుకున్నాను.

కౌంటరు దగ్గరి సంగతి మిగిలిపోయింది. రిపోర్టు అర్జెంటా అని ఆ అమ్మాయి అడిగితే, అర్జెంటే అన్నాను. డాక్టరు గారు ఎదురుచూస్తున్నారని కూడా అన్నాను. ఏ డాక్టరూ ఎదురుచూడటం లేదు, ఏటేటా చేయించుకునే మామూలు పరీక్ష. ఆ అమ్మాయి నా కాగితం మీద ఎర్ర ముద్ర కొట్టి పైన పెట్టింది. కింద ఉన్న కాగితాలు ఎవరివో నాకు కనిపించలేదు. నా పక్క కుర్చీలో ఒకాయన కూతురి భుజం మీద తల ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. ఇనుప పెట్టెలో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. దూది తీసి చెత్తబుట్టలో వేసి, లేచి కౌంటరు దగ్గరికి వెళ్లి, "అమ్మా, నాది ఆలస్యమైతే ఏమీ కాదు. ఆ ముద్రని గీత గీసి కొట్టేయండి," అన్నాను. ఆ అమ్మాయి విసుక్కుంటూనే కొట్టేసి, నా కాగితాన్ని అన్నిటికన్నా కింద పెట్టింది. బయటికొచ్చి ఇడ్లీ తిన్నాను.